ఉప్పు లేని గటక

మొన్న మంగళవారం మా అత్త పోయింది. కొట్టంలో ఎద్దు పొడిచింది. దవాఖానకు తీసుకుపోతుంటే, కొత్తగూడ దాటకముందే బండిలో ప్రాణం పోయింది. నన్ను ఎన్నోసార్లు కొట్టిన ఆమె చెయ్యి అప్పుడు నా ఒళ్లోనే ఉంది. నాకు పెద్ద చదువు లేదు. అయినా ఆమె గురించి మీకు చెప్పాలనిపించింది.

కిందటేడు మా పుట్టింటి ఊరి మీద ఒక ముఠా పట్టపగలే దాడి చేసింది. నాన్ననూ అన్ననూ వాకిట్లో నరికారు. ఇల్లు తగలబెట్టారు. వాళ్లను చూడ్డానికి పోయి ఉన్న నేను జొన్నచేలో దాక్కుని బతికాను. రాయదుర్గంలోని అత్తింటికి తిరిగి వచ్చాక నాకు తిండి మీద అదుపు పోయింది. అది ఆకలి కాదు. పిండి, బెల్లం, ఎద్దుల తవుడు, ఏది దొరికితే అది నోట్లో కుక్కుకునేదాన్ని. ఉడుకుతున్న కుండలో చెయ్యి పెట్టి వేళ్లు కాల్చుకున్నాను. విత్తనాల జొన్నలు బుక్కిన రోజు అత్త గరిట కాల్చి ముంజేతి మీద వాత పెట్టింది. ఆ చేత్తోనే మళ్లీ తిన్నాను.

"ఇగ దీన్ని వాళ్లింటికి పంపియ్యమ్మా" అన్నాడు మా ఇంటాయన.

"వాళ్లకు ఇల్లేడుందిరా?" అంది అత్త.

మర్నాడు ఆమె జొన్నరవ్వను చిక్కటి జావలా ఉడికించి గటక వండింది. మూడు గిన్నెలు తిన్నాను.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది అత్తమ్మా."

"అండ్ల ఉప్పే వెయ్యలే పిల్లా. నువ్వు తింటలేవు. నేను నిన్ను కొట్టినట్టు నువ్వు తిండిని కొడుతున్నవ్."

మా ఇళ్లలో కోడలు అందరి తర్వాత, తలుపు వెనక, గబగబా తినాలి. ఆ రోజు నుంచి అత్త నన్ను అందరికంటే ముందు తినడానికి కూర్చోబెట్టింది. మా ఇంటాయన కోపంతో నా గిన్నెను తన్నాడు. అత్త గరిటతో ఆయన మోకాలి మీద ఒక్కటేసింది.

"ఆకలైతే జర బండలు నాకుపో" అని నా వైపు తిరిగింది. "నువ్ చెప్పు, పచ్చిపులుసుల ఏమున్నది?"

"చింతపండు. కాల్చిన ఉల్లిగడ్డ."

"ఇంకా?"

"జీలకర్ర మాడింది."

"అత్తకే వంకలు పెడుతున్నవా" అని నవ్వింది.

ఆ పులుపు నాలుకకు తగిలాక ఏడుపు ఆగలేదు. నాన్న, అన్న పోయాక నేను ఏడ్వడం అదే మొదలు. అత్త ఊరుకోమనలేదు. ఇంకో ముద్ద కలిపి పెట్టింది. "రుచి తెలిస్తే, ఇగ చాలు అని కడుపే చెప్తది" అంది. నా కడుపు ఆ మాట చెప్పడానికి నెలలు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు దొంగతనంగా తిన్నాను. ఆమె మళ్లీ గరిట కాల్చలేదు.

ఆమెను సాగనంపిన రోజు మా పొయ్యి వెలగలేదు. పక్కింటివాళ్లు వేడన్నం, చింతచిగురు పప్పు తెచ్చారు. మొత్తం ఒక్కసారే మింగాలనిపించింది. ఒక ముద్ద పెట్టుకుని మెల్లగా నమిలాను. చిగురు లేతది, పప్పులో వెల్లుల్లి ఎక్కువైంది. బాగుంది. చాలు అనిపించి లేచాను.

మోదుగ విస్తరిలో మిగిలిన అన్నం మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.