వేడి మీద ప్లగ్గు విప్పింది నేను కాదు

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టి చాలాసార్లు చెరిపేశాను. గట్టిగా మాట్లాడే అలవాటు లేని మనిషిని. పోయిన వారం మా అన్న ఇంట్లో విన్న మాట మాత్రం పూజలో కూర్చున్నా వదలడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా నాయనకు ఒక పాత పెట్రోలు పికప్పు ఉండేది. మామిడికాయల కాలంలో తోటల నుంచి చిత్తూరు మండీకి కాయలు తోలేవాడు. ఆ బండికి ఒక జబ్బు... ఇంజను స్పార్కు ప్లగ్గులు ఊరికే మసిపట్టి పోయేవి. కొత్తవి వేద్దామని పాతవి విప్పబోతే, ఇంజనులో బిగుసుకుపోయి సగానికి విరిగేవి. పైనున్న పింగాణీ ముక్క చేతికి వచ్చేది. మరలున్న ముక్క లోపలే ఉండిపోయేది. దాన్ని తీయాలంటే లేత్ షాపు ఆయన రావలసిందే. అంతవరకూ బండి కదలదు.

అందుకని నాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇంజను బాగా చల్లబడేదాకా ప్లగ్గుకు పానా పెట్టకూడదు. చల్లబడిందో లేదో చూసే పని నాది.

"పాపా, ఇంజను మీద అరచెయ్యి పెట్టి నూటెనిమిది సార్లు గోవిందా అను. చెయ్యి ఎత్తకుండా అన్నిసార్లూ అంటివా, సల్లబడినట్టే" అనేవాడు.

ముప్పైకో నలభైకో చెయ్యి చురుక్కుమని తీసేసేదాన్ని. "ఇంకా కాలేదు నాయనా" అంటే, "అయితే పా, ఇంకో లోటా మజ్జిగ తాగొద్దాం" అనేవాడు. చల్లబడ్డాక ప్లగ్గు మొదట్లో నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి, కాసేపాగి, పావు తిప్పు ముందుకు, మళ్లీ కొంచెం వెనక్కి... పంటినొప్పి ఉన్న పిల్లాడి నోట్లో వేలు పెట్టినట్టు తిప్పేవాడు. చివరి తిప్పులు నా చేత తిప్పించేవాడు. మేమిద్దరం తీసిన ప్లగ్గు ఒక్కటి కూడా విరగలేదు.

నాకంటే ఐదేళ్లు పెద్దవాడైన మా అన్నకు ఇలా ఆగి చూడడం పడేది కాదు. "గోవిందమ్మ వచ్చినాది. ఇంక ఈ బండి కదిలినట్టే" అని వెక్కిరించేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు... పెద్దమనిషినై మూడు నెలలయింది. అప్పట్లో మా ఇంట్లో నెలనెలా బయట కూర్చోబెట్టేవాళ్లు. ఆ రోజు పొద్దున్నే తలకు పోసుకుని ఇంట్లోకి వచ్చాను. నాయన ఇంకా తోటలోనే ఉన్నాడు. అన్న బండి నిండా కాయలతో, దడదడమని కుదుపులతో ఇంటి ముందుకొచ్చి ఆగాడు. వెంట నలుగురు కూలీలు. నేను కిరసనాయిలు సీసా తీసుకుని వెళ్లాను.

"చెయ్యి పెట్టి చూసేదా అన్నా?"

"నీ గోవిందలు అయ్యేతలికి కాయలు మాగిపోతాయి. పక్కకు పోమ్మే."

పానాకు ఒక ఇనుపగొట్టం తొడిగి, ఒళ్లంతా దాని మీద వేసి లాగాడు. టక్కుమంది. నేను బండిని ముట్టను కూడా లేదు... సీసా పట్టుకుని నిలబడే ఉన్నాను.

నాయన వచ్చి చూశాడు. "ఎవురు ఇప్పినారు?" అన్నాడు.

"నేనే ఇప్పినాను. నిన్నటిదాకా బయట కూసోనుండి, ఈ పొద్దే ఇది వచ్చి బండి మింద చెయ్యి పెట్టింది నాయనా. ఇరగక ఏమైతుంది?"

అమ్మతో చెప్పడానికే సిగ్గుపడే సంగతి... కూలీల ముందు అన్నాడు. ఒకాయన నవ్వాడు.

"నేను ముట్టలేదు నాయనా" అన్నాను.

నాయన అన్న చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతిలో పెద్ద కాలిన బొబ్బ. చల్లబడిన ఇంజను మీద చెయ్యి పెడితే బొబ్బ రాదు. నాయనకు అర్థమైందని నాకు తెలిసింది. ఇప్పుడు చెబుతాడని చూస్తూ నిలబడ్డాను.

ఆ చెయ్యి వదిలేశాడు.

"రేపట్నించి నువ్వు బండికాడికి రావద్దులే పాపా" అన్నాడు.

అమ్మ నన్ను మళ్లీ తలకు పోసుకోమంది. బండికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించారు. నేను దూరంగా గడపలో నుంచి చూశాను. ఆ తర్వాత ఆ బండికి ఎన్ని ప్లగ్గులు విరిగాయో... అప్పుడెవరూ ఎవరు ముట్టారని అడగలేదు.

నాయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆయన పటానికి రోజూ పువ్వు పెడతాను. పెడుతూనే అడుగుతున్నాను, స్వామి పేరు చెప్పుకుంటూ చేసిన పనిలో మైల యాడుండాది నాయనా అని. నువ్వు నేర్పిన పనే గదా అని.

పోయిన వారం మా అన్న ఇంటికి వెళ్లాను. వాళ్ల చిన్న పికప్పును కోడలు శైలజే నడుపుతుంది. తిరుపతికి కూరగాయలు వేసుకుపోయి వస్తుంది. ఆ రోజు ఆమె వచ్చి బండి ఆపీ ఆపకముందే అన్న ప్లగ్గు విప్పబోయి విరిచాడు.

"సల్లారినాక ఇప్పుదామంటి గదా మామా" అంది శైలజ.

"ఆ దినాల్లో బండి ఎక్కొద్దంటే ఇన్నావా? నీ వల్లనే ఇరిగింది."

అదే మాట. అరవై దగ్గర పడుతున్నా అదే నోరు. శైలజ కూతురు అన్నం తింటూ తలెత్తి తల్లి ముఖం చూసింది. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. కాఫీ తాగేసి బస్సెక్కి వచ్చేశాను. అప్పుడు నాయన నిజం తెలిసీ వదిలేసినట్టే నేనూ వదిలేశాను... అందుకే ఎక్కువ మండుతోంది.

బండ్లు మారాయి. ఆడపిల్లలు స్టీరింగు పట్టారు. మజ్జిగ తాగుతూ ఇంజను చల్లారేదాకా కూర్చునే ఓపిక మాత్రం పోయింది... పోవలసిన మాట పోలేదు.

మీ చేతుల్లోంచి కూడా ఎవరైనా ఇలా ఒక పని లాగేసుకుని ఉంటే, కింద రాయండి. అన్నీ చదువుతాను. నేను రాసింది మీ దగ్గరే ఉంచుకోండి, మా వాళ్లెవరికీ చూపించకండి. రేపు పొద్దున బస్సుకు మళ్లీ అన్న ఇంటికి వెళుతున్నాను. మా అన్న దీన్ని ఫోనులో చదవకూడదు. శైలజ ముందు, ఆ పాప ముందు, నా నోటితో వినాలి.