పరీక్ష నాళికలో కనబడనిది

పాఠాల్లో ఏ ప్రశ్న అడిగినా తలలు వంచుకునే మేము ఒక్క ప్రశ్నకి మాత్రం తరగతి మొత్తం జవాబు చెప్పాం. అది పదో తరగతి జీవశాస్త్రంలో విసర్జన పాఠం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మందసకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరు. బయాలజీ చెప్పే టీచరుగారు ఆ ఏడే మా బడికి వచ్చారు. టెక్కలి నుంచి పలాసకి ఒక బస్సు, పలాస నుంచి మా అడ్డరోడ్డుకి ఇంకో బస్సు. అక్కడి నుంచి జీడితోటల మధ్య నడిచి వచ్చేసరికి చీర అంచు నిండా ఎర్రమట్టి ఉండేది.

"మూత్రపిండాలు మన ఒంట్లో ఎక్కడ ఉంటాయో ఎవరైనా చూపించగలరా?" అని అడిగారావిడ.

ఆడపిల్లలం, మగపిల్లలం అందరం చేతులు వెనక్కి పెట్టి, నడుముకి కాస్త పైన, వెన్నుకి రెండు పక్కలా చూపించాం. ఆవిడ నవ్వబోయి ఆగారు.

"ఇంత సరిగ్గా మీకెవరు చెప్పారు?"

కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది. "మా తాత ఇక్కడే నొప్పనీవోడండి. కిడ్నీలు పాడైపోనాయన్నారు. సచ్చిపోనాడండి."

ఆ పిల్ల కూర్చోకముందే వెనక బెంచీ నుంచి, "మా పెద్దమ్మకీ అదేనండి" అని ఒకరు, "మా మావకండి" అని ఇంకొకరు అన్నారు. టీచరుగారు పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు పాఠం జరగలేదు. ఒక్కొక్కరినీ లేపి, ఇంట్లో ఎవరికి వచ్చింది, ఎన్నాళ్లు బతికారు, ఏ మందులు వాడారు అని అడిగారు. గంట కొట్టాక మేమంతా లేచినా ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

మరునాడు పలాస బజారులో కొన్న మేక మూత్రపిండాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. బ్లేడుతో నిలువునా కోసి, ఎర్రగా ఉన్న పై పొరా, లోపలి గీతలూ చూపించారు. "రక్తాన్ని వడగట్టే జల్లెడలు ఇందులో లక్షల్లో ఉంటాయి. కంటికి కనబడవు" అన్నారు. తరవాత కోడిగుడ్డు తెల్లసొన నీళ్లలో కలిపి, పరీక్ష నాళికలో పోసి, స్పిరిట్ దీపం మీద వేడి చేశారు. తేటగా ఉన్న నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. "జల్లెడ చిరిగితే మాంసకృత్తులు మూత్రంలోకి జారిపోతాయి. అప్పుడు మూత్రాన్ని వేడి చేసినా ఇలాగే తెల్లబడుతుంది" అన్నారు.

నాకు వెంటనే మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

చిన్నాన్నా, పిన్నీ, వాళ్ల రెండేళ్ల పాపా, మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆయనకి అప్పటికి ముప్పై నాలుగేళ్లు ఉంటాయేమో. కొబ్బరి దింపులో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. చెట్టు మీద నుంచే కింద వాళ్లతో పరాచికాలాడేవాడు. అలాంటివాడు ఆ ఏడు వానాకాలం నుంచి నాలుగు చెట్లెక్కి ఐదో చెట్టు మొదట్లో కూలబడుతున్నాడు. నడుము నొప్పికి ఊరి డాక్టరు ఇచ్చే మాత్రలు రోజూ వేసుకునేవాడు. అవి వేసుకున్న పూట మళ్లీ హుషారుగా ఉండేవాడు.

టీచరుగారిని అడిగాను. ఆవిడ కాస్త ఆలోచించి, పొద్దున్నే శుభ్రమైన సీసాలో పట్టి తెమ్మన్నారు. ఇంట్లో చెప్పేసరికి చిన్నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓలమ్మీ, నా ఉచ్చ మీ బడికెందుకే? దానికి కూడా మార్కులేత్తారేటి?"

"పిల్ల అంత బతిమాలతంటే ఇయ్యరాదా" అంది పిన్ని. పాపకి జ్వరమొచ్చినప్పటి మందు సీసా వేడినీళ్లతో కడిగి ఆవిడే ఇచ్చింది.

బడి వదిలాక టీచరుగారు కిటికీ తలుపు ఓరగా వేసి దీపం వెలిగించారు. పరీక్ష నాళికని పట్టకారుతో నా చేతే పట్టించారు. మూత్రం బుడగలు కక్కుతూ మరిగింది. రెండు చుక్కలు ఆమ్లం వేసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. తేటగానే ఉంది. నా వెనక నిలబడి చూసిన టీచరుగారు, "హమ్మయ్య" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఒంట్లో భయమన్నది లేకుండా పోయింది. ఇంటిదాకా పరిగెత్తాను.

"సిన్నాన్నా, నీకేటీ నేదు! తెల్లబడనేదు!"

ఆయన నన్ను పైకెత్తి గిరగిరా తిప్పాడు. పదిహేనేళ్ల పిల్లని, సిగ్గేసింది. ఆ సాయంత్రం వీధిలో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాడు. "మా అన్న కూతురు డాక్టరమ్మయిపోనాది. నా కిడ్నీలు బేషుగ్గా ఉన్నాయని సెప్పీసింది." ఎవరైనా ఆసుపత్రి మాటెత్తితే అదే జవాబు. పిన్ని పలాస వెళ్దామన్నప్పుడల్లా అదే జవాబు. నాకు గర్వంగా ఉండేది. ఈ విషయం ఇవాళ రాస్తున్నప్పుడు కూడా ఆ గర్వాన్ని దాచాలనిపిస్తోంది. కానీ అది ఉన్నమాట.

జీడి పూత వచ్చే రోజులకి చిన్నాన్నకి అన్నం సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. పొద్దున్న పెరట్లో వాంతులు. ఒళ్లంతా దురద. ముఖం మట్టి రంగులోకి తిరిగింది. పిన్ని నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది. "నువ్వు సరిగ్గా సూసేవు గదా అమ్మా?"

"సూసేను పిన్నీ" అన్నాను. చూశాను నిజమే. కానీ ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాను. మరునాడు బడికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. టీచరుగారిని అడిగితే నేను తప్పు చేశానని తేలుతుందేమోనని భయం.

మూడో రోజు ఎండ వాలుతుండగా టీచరుగారే మా ఇంటి ముందు నిలబడ్డారు. ఎందుకు రావడంలేదని అడిగారు. నేను పెరటి వైపు చూపించాను. చిన్నాన్న కొబ్బరి నారమంచం మీద ఒక పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ దగ్గరికెళ్లి ఆయన ముఖం చూశారు, గోళ్లు చూశారు, ఏ మాత్రలు వేసుకుంటున్నాడని అడిగారు. పిన్ని చూరులోంచి మాత్రల అట్టలు తీసి చూపించింది.

"రేపు పొద్దున్నే పలాస వెళ్లి రక్తపరీక్ష చేయించాలి" అన్నారు టీచరుగారు.

చిన్నాన్న లేచి కూర్చోబోయాడు. "మీరిద్దరే గదండీ సూసినారు. ఏటీ నేదన్నారు."

"అది సరిపోదండీ. రక్తం చూడాలి. నేనూ వస్తాను."

మరునాడు ఆవిడ బడికి సెలవు పెట్టి పలాసలోనే బస్సు దిగి మాకోసం నిలబడ్డారు. ల్యాబులో రక్తం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాం. చిన్నాన్న అక్కడ కూడా సూది గుచ్చిన కుర్రాణ్ణి ఏదో అని నవ్వించాడు. కాగితం వచ్చింది. టీచరుగారు దాన్ని చదివి మడిచారు, మళ్లీ విప్పి చదివారు. క్రియాటినిన్ అనే మాట నేను మొదటిసారి విన్నది అప్పుడే. మూత్రపిండాలు బయటికి పంపెయ్యాల్సిన ఆ వ్యర్థం రక్తంలో ఉండాల్సిన దానికి రెండింతలు దాటి ఉంది. మూత్రపిండాలు సగానికి పైగా పనిచెయ్యడం లేదని, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లాలని పలాస డాక్టరు చెప్పాడు. నొప్పి మాత్రలు ఆ క్షణం నుంచే మానెయ్యమన్నాడు.

తిరుగు బస్సులో నేను కిటికీకి తల ఆనించి ఏడ్చాను. చిన్నాన్న పక్క సీట్లోంచి నా జడ పట్టుకుని మెల్లగా లాగాడు.

"ఎందుకే ఏడుత్తన్నావు?"

"నేనే సెప్పేను సిన్నాన్నా, ఏటీ నేదని. అందుకే నువ్వు ఎల్లనేదు."

"ఓసి పిచ్చిదానా. నువ్వు సూసిందే గదా సెప్పేవు. నాకేమో ఆసుపత్రంటే బయ్యం. ఎల్లకుండా ఉండడానికి ఒక మాట కావాల, నీ మాట దొరికింది. తప్పు నాదా, నీదా?"

ఆ తరవాత ఎంతమంది ఎన్ని చెప్పినా, నా గుండె మీంచి బరువు దించింది ఆ మాటే.

నేను మళ్లీ బడికి వెళ్లిన రోజు టీచరుగారు పాఠం మొదలుపెట్టలేదు. నల్లబల్లకి వీపు ఆనించి నిలబడి, "మీకు నేనొక విషయం సగమే చెప్పాను" అన్నారు. "మూత్రం తెల్లబడితే జబ్బు ఉన్నట్టు అన్నాను. తెల్లబడకపోయినా జబ్బు ఉండొచ్చని చెప్పలేదు. నాకు తెలీదు. మొన్న డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ చాలామందికి మాంసకృత్తులు పోకుండానే మూత్రపిండాలు పాడవుతున్నాయట. మన పుస్తకంలో ఈ మాట లేదు. మీరు రాసుకోండి."

బోర్డు మీద నాలుగు వాక్యాలు రాశారు. మూత్రపరీక్ష ఒక్కటే చాలదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి. నొప్పి మాత్రలు సొంతంగా వాడకూడదు. ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించాలి. మేమంతా నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నాం. తన విద్యార్థుల ముందు "నాకు తెలీదు" అన్న ఉపాధ్యాయుల్ని నేను అంతకు ముందు చూడలేదు. ఆ వాక్యాలు పరీక్షలో రావని మాకు తెలుసు, అయినా ఒక్కళ్లు కూడా రాయకుండా కూర్చోలేదు.

విశాఖపట్నంలో చిన్నాన్నకి బీపీ మాత్రలు ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, చెట్లెక్కొద్దన్నారు. ఉప్పు తగ్గించడం కంటే చెట్లు దిగడం ఆయనకి కష్టమైంది. కింద నిలబడి వేరే వాళ్ల దింపు చూస్తూ, "అటు కాదురా, ఆ గెల" అని అరుస్తూ ఉండేవాడు. క్రమంగా కాయలు ఎంచే పనిలోకి మారాడు. పిన్ని మా అందరికీ ఒక కూర వండి, ఆయనకి చప్పగా ఇంకో గిన్నెలో వండేది. కొన్నాళ్లకి తనూ ఆ చప్పటి కూరే తినడం మొదలుపెట్టింది. ఆయన ఒక్కడూ తింటుంటే చూడలేనంది.

అలా ఆరేళ్లు గడిచాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి విశాఖ తిరగాల్సి వచ్చింది మాత్రం ఆఖరి ఏడు నెలలే. ఒక వానాకాలం ఉదయం ఆసుపత్రికి బయలుదేరబోతూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే గోడకి జారగిలబడ్డాడు. పిన్ని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. అంతే.

నేను ఇంటరు తరవాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి పలాసలోనే పనిలో చేరాను. చిన్నాన్న పోయిన కొన్ని నెలలకి బస్టాండులో టీచరుగారు కనబడ్డారు. వేరే బడికి బదిలీ అయ్యారట, జుట్టు నెరిసింది. చిన్నాన్న సంగతి చెప్పాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. తరవాత, "పాపకి ఎన్నేళ్లు ఇప్పుడు?" అని అడిగారు.

"ఎనిమిది దాటాయి టీచర్."

"మీ పిన్నికీ, ఆ పిల్లకీ చేయించావా?"

చేయించలేదు. రోజూ ఊరందరి రక్తం తీసేదాన్ని, మా ఇంట్లో వాళ్లది తీయలేదు. భయమే కారణమని ఆవిడకి చెప్పాను. ఆవిడ తలూపి బస్సెక్కి, అది కదిలేదాకా కిటికీలోంచి నన్నే చూస్తూ కూర్చున్నారు.

ఆ ఆదివారం పిన్నినీ పాపనీ ల్యాబుకి తీసుకొచ్చాను. పాప సూది చూసి నా నడుము వాటేసుకుంది. నేనే తీశాను, నేనే పరీక్ష చేశాను, అనుమానం తీరక రెండోసారి చేశాను. ఇద్దరికీ బాగానే ఉంది. కాగితం చేతిలో పెడితే పిన్ని సంతోషంగా తీసుకుంది. దాన్ని చీర కొంగులో ముడి వేసుకుంటూ, "మల్లీ ఎప్పుడు సెయ్యించాల?" అని అడిగింది.

"ఆర్నెల్లకి" అన్నాను.

పిన్ని పాప చేత వేళ్ల మీద నెలలు లెక్కపెట్టించింది.