పిన్ని మోకాలు, అమ్మమ్మ ఆయాసం

మా పిన్నికి ఇరవై ఆరేళ్లు. ఆమె కుడి మోకాలు మాత్రం అమ్మమ్మ కన్నా పెద్దది. బడిలో ఆటల టీచరు, ఏడాదిగా నొప్పి. అయినా రోజూ పొద్దున్నే పరుగు బూట్లు తొడిగి, లేసులు బిగించి, గుమ్మంలో కాసేపు కూర్చుని విప్పేస్తుంది. మా ఇల్లు మూడో అంతస్తులో. పిన్నితో కలిసి మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ అమ్మమ్మ "అబ్బ, ఆయాసం! ఆగవే" అంటుంది. ఒక్కతే అయితే మేకపిల్లలా ఎక్కేస్తుంది. పిన్ని "ముసలిదానివైపోయావమ్మా" అని వెక్కిరిస్తూ గోడకు ఆనుకుంటుంది.

నిన్న డాక్టరు ఇక జన్మలో పరుగెత్తొద్దన్నాడు. తిరిగొస్తూ మొదటి మలుపులో అమ్మమ్మ మామూలుగానే రొప్పింది. పిన్ని వెక్కిరించలేదు. "చాల్లేమ్మా, నీకు ఆయాసం లేదని నాకెప్పుడో తెలుసు" అని మెట్టు మీద కూలబడి ఏడ్చింది. అమ్మమ్మకు అప్పుడు నిజంగానే ఊపిరాడలేదు.