మెట్లు కుంగిన వీణ

ఆదోని ఎండకు మనుషులే కరిగిపోతారు, వీణ మెట్ల కింద మైనం ఒక లెక్కా? నా పెళ్లయిన రెండో వేసవికే మెట్లన్నీ మైనంలోకి కుంగాయి. తంతులు వాటి మీద అంతెత్తున నిలబడ్డాయి. నొక్కితే వేలు కోసుకుపోయేది. ఇంకా గట్టిగా నొక్కితే స్వరం తప్పేది. రెండో ప్రపంచ యుద్ధం రాకముందు మాట ఇది.

మా అత్తగారింటిది పత్తి వ్యాపారం. పెద్దకడుబూరు వైపు నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులకు, తూకం అయ్యేదాకా మా ఇంట్లోనే భోజనం. తెల్లవారింది మొదలు అత్త, నేను జొన్నరొట్టెలు తట్టేవాళ్లం. పెనం మీద రొట్టె తిప్పీ తిప్పీ నా వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. భుజాలు ఒకటే లాగుడు. మధ్యాహ్నం కాస్త సందు దొరికితే వీణ ముందు కూర్చునేదాన్ని, నాలుగు స్వరాలు కూడా సాగేవి కావు. ఛీ, ఏం బతుకు అనిపించేది. ఎమ్మిగనూరులో మా నాయన ఇంట్లో సాయంత్రమంతా వాయించినదాన్ని. అత్తగారింట్లో నాదంటూ మిగిలింది ఆ వీణ ఒక్కటే. అదీ పోతే నేను వట్టి రొట్టెలు తట్టే మనిషినే.

"తంతులు ఎత్తుగా ఉండాయి" అని రోజూ సణిగేదాన్ని.

మా ఆయన నవ్వేవాడు. "ఆడలేక మద్దెల ఓడనిందంట!"

"మీకేం, వాయించేది మీరా?" అని కసిరేదాన్ని.

చివరికి మా నాయనకు కబురు పెడితే, ఎమ్మిగనూరు నుంచి మేళం కట్టే పెద్దాయన వచ్చాడు. మెట్లు సరిచేసి నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. ఆ రోజు అత్త నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. "ఈ పొద్దు రొట్టెలు నేనే తడతాలే. నువ్వాడ కూసో. నీ వీణ ఇని ఎన్నాళ్లయిందో" అంది. అత్త మంచిదే. ఆ ఇంటి చాకిరీయే చెడ్డది.

పెద్దాయన వేడి చేసిన ఇనుప పుల్లతో మైనం మెత్తబరిచి, ఒక్కో మెట్టూ పైకి లేపి, తంతి మీటి, చెవి ఒగ్గి విని, మళ్లీ సర్ది, పొద్దు వాలే వేళకు ముగించాడు.

"నొక్కి సూడమ్మా" అన్నాడు.

నొక్కాను. అలా ముట్టుకుంటే చాలు, తంతి దిగింది. కానీ అది వేలికి తగిలినట్టే నాకు తెలియలేదు. పక్కకు లాగితే గమకం రాలేదు, గరగరమంది. మళ్లీ లాగాను. మళ్లీ అదే. అన్నిటికంటే ముందు నేర్చుకున్న వరస కూడా మధ్యలో తెగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తప్పు తంతులదే అనుకున్నాను కాబట్టి, ఎవరో ఒకరు వచ్చి బాగుచేస్తారన్న ఆశ ఉండేది. ఇప్పుడు వీణ బాగానే ఉంది.

ఆయన కంగారుపడ్డాడు. "ఇంగా ఎత్తుండాయా? ఇంగొంచెం సర్దేదా?"

"వద్దప్పా, సరిగ్గా ఉండాయి."

ఆయన నమ్మలేదు. వీణను తన ఒళ్లోకి తీసుకుని ఒక రాగం ఎత్తుకున్నాడు. ఎంత బాగా పలికిందో!

వంటింట్లోంచి, రొట్టె తడుతూనే, అత్త కేకేసింది. "అబ్బబ్బ! ఏం పలుకుతాండాదే తల్లీ! నా కోడలి సెయ్యంటే సెయ్యి! ఆపొద్దు, వాయిస్తానే ఉండు!"

పెద్దాయన చెయ్యి ఆగింది. నా ముఖం చూశాడు.

"వాయించప్పా" అన్నాను. "ఆమె ఇంటాండాది."