కటింగ్ టేబుల్ మీద సరిహద్దులు

పెళ్లయి ఆర్మూర్ వచ్చాక మార్కెట్‌కు వెళ్లే దారిలో చిన్న టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. మా ఆడబిడ్డ, అంటే నా భర్త చెల్లెలు, అప్పుడే డిగ్రీ పూర్తి చేసి ఆర్మీలో ఆఫీసర్ కావాలని పట్టుబట్టింది. ఇంట్లోనే చదువుకుని రాత పరీక్ష గట్టెక్కింది. ఐదు రోజుల ఇంటర్వ్యూకు బెంగళూరు వెళ్లి చివరి రోజు దాకా నిలిచింది కానీ, ఎంపిక కాలేదు.

మేమంతా ఓదార్చే మాటలు వెతుక్కుంటుంటే, తను అన్నం పెట్టుకుని తింటూ తాపీగా చెప్పింది.

"వదినె, ట్యాంకుల పేర్లు, మిసైళ్లు, ఏ దేశంతోని ఏ ఒప్పందం, అన్నీ యాదికున్నయ్. ఒక టాపిక్ ఇచ్చి మూడు నిమిషాలు మాట్లాడుమన్నరు. పేర్లు చెప్పిన గానీ, ఏది ఎందుకు జరుగుతుందో చెప్పలేకపోయిన. ఎదురుంగ కూసున్నోళ్లు వినుడు బంద్ చేసిన్రు."

ఆ తర్వాత రోజూ పొద్దున పేపరు పట్టుకుని షాపుకు రావడం మొదలుపెట్టింది. నేనూ, నా దగ్గర పనిచేసే ఆమే మిషన్లు తొక్కుతుంటే, ఒక వార్త చదివి, పేపరు మడిచేసి, సొంత మాటల్లో మాకు చెప్పేది. మాకు అర్థం కాకపోతే తప్పు తనదే అనేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. సరిహద్దు గొడవలతో మాకేం పని అనిపించేది.

"మంచుకొండల సరిహద్దు కాడ రెండు దిక్కుల సైన్యాలు ఎనకకు జరుగుతున్నయంటివి. మరి గంత ఎత్తు మీద రోడ్లెందుకు ఏస్తున్నరు?" అని ఒకరోజు మా పనామె అడిగింది.

మా ఆడబిడ్డ బుకాయించలేదు. "తెల్వదక్కా. చదివి రేపు చెప్త" అంది.

మర్నాడు నేను బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద తీసుకుని కటింగ్ టేబుల్ మీద కొండలూ లోయా గీసింది. మంచు పడ్డాక అక్కడున్న జవాన్లకు బియ్యం, డీజిల్ ఎట్లా చేరతాయో, రోడ్డు లేకపోతే ఏమవుతుందో చెప్పింది. బెటాలియన్‌కూ బ్రిగేడ్‌కూ తేడా కూడా నేను ఆ బల్ల మీదే నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం మోర్తాడ్ నుంచి ఎప్పుడూ వచ్చే ఒకామె వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె భర్త గల్ఫ్‌లో డ్రైవరు. అటువైపు మిసైళ్లు పడుతున్నాయని వార్తలు వస్తున్న రోజులవి. ఎవరో పంపిన వీడియోలో భవనాలు మండుతున్నాయి.

"గిది మా ఆయన ఉండే ఊరేనట. ఫోన్ కలుస్తలేదు" అంది. ఫోన్ మా ఆడబిడ్డ చేతికిచ్చింది.

మా ఆడబిడ్డ వీడియోను ఆపి ఆపి చూసింది. దుకాణాల బోర్డుల మీది అక్షరాలు అరబ్బీవి కావని గమనించింది. కాసేపు వెతికి, అది వేరే దేశంలో ఎప్పుడో జరిగిన ప్రమాదమని చూపించింది. తర్వాత బల్ల మీద సముద్రం గీసి, మిసైల్ పడిన చోటు ఎక్కడో, అతడుండే ఊరు ఎక్కడో గుర్తు పెట్టింది.

"అయితే ఫికర్ లేదంటవా?" అని ఆమె అడిగింది.

నేనైతే లేదనేసేదాన్ని.

"గా మాట చెప్పలేనక్కా. గీ వీడియో అబద్ధం, గది మాత్రం పక్కా. బావ ఉండే ఊర్ల ఇప్పటిదాంక ఏం కాలేదని వార్తలల్ల ఉంది. రేపేమైతదో నాకు తెల్వది. ఫోన్ కలిసేదాంక నువ్వు ఈడ్నే కూసో" అంది మా ఆడబిడ్డ.

ఆమె కూర్చుంది. టీ తాగింది. సాయంత్రానికి భర్తే ఫోన్ చేశాడు. సిగ్నల్ లేని ఎడారి దారిలో లారీ తోలుతున్నాడట. ఆమె ఏడుస్తూ, అతణ్ణి తిడుతూ మాట్లాడుతుంటే మేం తలలు వంచుకుని కుట్టుకున్నాం.

భయపడిన మనిషికి ధైర్యం చెప్పాల్సి వచ్చినా అబద్ధమాడని పిల్ల మా ఇంట్లో ఉందని ఆ రోజే నాకు తెలిసింది. ఇలాంటి ఆఫీసరు చెప్పిన మాట మీద జవాన్లు నమ్మకంగా అడుగేస్తారనుకున్నాను.

రెండోసారి ఇంటర్వ్యూలో ఏదో ఫిరంగి గురించి అడిగితే తెలియదని నేరుగా చెప్పిందట. ఆ మాట విని నా భర్త తల పట్టుకున్నాడు. కానీ ఈసారి ఎంపికైంది, మెడికల్ పరీక్ష కూడా దాటింది.

ట్రైనింగ్‌లో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఫోన్ చేసింది. పరుగులతో కాళ్లు బొబ్బలెక్కాయని చెప్పింది. తిరిగి వచ్చేయాలనిపిస్తోందా అని అడిగాను.

"లేదు వదినె, ఈడ మస్తుగుంది" అంది. గొంతులో అలసట ఉంది, దాన్ని నా దగ్గర దాచాలని కూడా చూడలేదు.