తాట తీసే అమ్మమ్మ

జబ్బు లేని పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడమేమిటో అమ్మమ్మకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"జ్వరమా, లేదు. దగ్గా, లేదు. తిని దుక్కలా తిరుగుతోంది కదే! మరెందుకు?" అని కూతుర్ని నిలదీసింది.

"ఈ దేశంలో అంతేనమ్మా. నాలుగేళ్ళు నిండిన పిల్లలందర్నీ చూస్తారు. తూస్తారు, కొలుస్తారు, రెండు ప్రశ్నలడిగి పంపేస్తారు. నాకు బస్సు డ్యూటీ ఉంది, నువ్వే తీసుకెళ్ళు," అంది కూతురు.

ఆ రెండు ప్రశ్నలే కొంప ముంచాయి.

అమ్మమ్మ సంగతి ముందు కాస్త చెప్పాలి. ఒక పెద్ద హోటల్లో, నేల కింది అంతస్తులో ఇస్త్రీ పని ఆమెది. పొద్దున్నే దిగితే మధ్యాహ్నం దాకా ఆవిరీ, వేడీ, దుప్పట్లూ. ఆ మిషన్ల రొదలో మాట వినబడాలంటే అరవాలి. అరిచి అరిచి గొంతు అలాగే నిలిచిపోయింది. తోటివాళ్ళు ఆమెకి 'ఉరుము' అని పేరు పెట్టారు. ఉరుమే గాని పిడుగు కాదని అక్కడ అందరికీ తెలుసు. కొత్తగా చేరిన పిల్ల ఒకతె చెయ్యి కాల్చుకుంటే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావే దిక్కుమాలినదానా!" అని తిడుతూనే ఆ చెయ్యి చన్నీళ్ళ కింద పట్టి, ఆ పిల్ల వంతు దుప్పట్లు కూడా తనే చేసేసింది.

ఇంటికొస్తే ఆ ఉరుములన్నీ మనవరాలి మీదే. పిల్ల ముద్దుపేరు చిట్టెలుక. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, కూతురికి బస్సు నడపడంతోనే సరిపోతుంది. పిల్లకి తల దువ్వేదీ, తినిపించేదీ, నిద్రపుచ్చేదీ అమ్మమ్మే. "ఓసి నీ దుంప తెగ, మళ్ళీ చెప్పులు తడిపావా!" "పాలు తాగకపోయావో, వీపు చిట్లుతుంది!" అన్నిటికంటే పెద్ద బెదిరింపు స్నానం తర్వాత. తువ్వాలు చుట్టి, "ఇవాళ నీ తాట తీస్తాను చూడు," అంటూ ఒళ్ళంతా రుద్ది చక్కిలిగింతలు పెడుతుంది. చిట్టెలుక ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వుతుంది. తాట తీయించుకోందే దానికి నిద్ర పట్టదు.

ఇలాంటి మనిషి వెళ్ళి ఆ ఆసుపత్రి గదిలో కూర్చుంది. గోడకి ఎత్తు కొలిచే పట్టీ, మూల తూకం, మంచం మీద పరిచిన, కదిలితే చప్పుడు చేసే కాగితం. నర్సు నవ్వుతూనే ఉంది. పక్కన మాట అటూ ఇటూ చేరవేసే దుబాసి అమ్మాయి. ఆ అమ్మాయి తాతముత్తాతలది మన మాటే గాని, ఆమెకి ఇంట్లో సగం, పుస్తకాల్లో సగం వచ్చింది. మాటలు తెలుసు, వాటి వరస తెలియదు.

"పాప బరువు బాగుంది అంటున్నారండీ," అంది దుబాసి.

"ఏం బాగు! పుల్లలా ఉంది. దీనికి పెట్టిన తిండి దండగ!" అంది అమ్మమ్మ మురిసిపోతూ. పిల్లని ఎవరైనా మెచ్చుకుంటే, అవునవునని తలాడించడం కూడా ఒక మర్యాదేనా? దుబాసి ఆ ముక్క ఉన్నదున్నట్టు అటు చేరవేసింది. నర్సు నవ్వు సగం తగ్గింది.

తర్వాత మోచెయ్యి చూశారు. అక్కడ కాస్త చర్మం లేచి ఉంది.

"ఇదెలా అయిందని అడుగుతున్నారు."

"జారుడుబండ మీద గీసుకుపోయింది. ఒక్కచోట కుదురుంటేగా!"

"మాట వినకపోతే మీరేం చేస్తారని..."

"ఏం చేస్తాను, తాట తీస్తాను!" అని అమ్మమ్మ పకపకా నవ్వింది. చిట్టెలుకా నవ్వింది. దుబాసి మాత్రం నవ్వలేదు. తాట అంటే చర్మమని ఆమెకి తెలుసు. అంతవరకే తెలుసు. పిల్ల మోచేతి వంక ఒకసారి చూసి, అటు తిరిగి చెప్పేసింది. నర్సు చాలా మెల్లగా ఇంకేదో అడిగింది.

"దేనితో తీస్తారు అంటున్నారండీ."

అమ్మమ్మకి ఇది భలే సరదాగా తోచింది. పర్వాలేదు, ఈ నర్సుకీ హాస్యం తెలుసు అనుకుంది. "చేత్తోనే! చేత్తో కాకపోతే నా ఇస్త్రీపెట్టె ఉండనే ఉందిగా!" అంది.

ఇంకేముంది, గదిలోకి డాక్టరు వచ్చాడు, ఆయన వెనక ఇంకెవరో వచ్చారు. పిల్ల చొక్కా విప్పి వీపు చూశారు, కాళ్ళు చూశారు. బస్సు మధ్యలో ఆపించి కూతుర్ని పిలిపించారు. పిల్లని మళ్ళీ ఒకసారి పరీక్షకి తీసుకురమ్మన్నారు, అందాకా ఆగుతారట. అప్పుడు కూడా పిల్ల భయపడుతోందని తోస్తే, కొన్నాళ్ళు వేరేవాళ్ళ ఇంట్లో ఉంచి పెంచుతారట.

సంగతి ఇంటికొచ్చాక కూతురు విడమరిచి చెబితే అమ్మమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "వేరేవాళ్ళ ఇంట్లోనా? ఎవరే వాళ్ళు? దానికి రాత్రి ఎడమచెవి పట్టుకుంటేనే నిద్రొస్తుందని వాళ్ళకి తెలుసా? నిన్నూ ఈ నోటితోనే పెంచాను కదా, చూసుకోవే, నీ తాట ఉందా, ఊడిందా?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆ మాట అనకు!" అని కూతురు ఏడ్చింది.

ఒళ్ళు మండదా చెప్పండి? ఒక మాట తెలియకపోతే ఇంకో మనిషిని అడగొచ్చు. పక్కనే ఉన్న పిల్లని అడగొచ్చు, తాట తీయడమంటే ఏమిటో అది చొక్కా ఎత్తి మరీ చూపించేది. అడగలేదు. ఆసుపత్రి తరఫున ఇంటికి ఒకావిడ వచ్చి ఇస్త్రీపెట్టె ఎక్కడ పెడతారో చూసిపోయింది, దాన్ని తిరగేసి అడుగు కూడా చూసింది.

అమ్మమ్మ నోటికి తాళం వేసుకుంది. ఉరుము ఆగిపోయింది. "పాలు తాగుతావా తల్లీ?" "చెప్పులు అలా తడపకూడదు నాన్నా." చిలక పలుకులే. స్నానం చేయించి, ఒళ్ళు తుడిచి, చొక్కా తొడిగి పక్కకి జరిగేది. చిట్టెలుక మొదట్లో నవ్వింది, ఇదేదో కొత్త ఆట అనుకుంది. తర్వాత కావాలని పాలు ఒలకబోసింది. అమ్మమ్మ పళ్ళు బిగించుకుని నేల తుడిచింది. చిట్టెలుక బల్లెక్కి గంతులేసింది. "దిగమ్మా," అంది అమ్మమ్మ. పిల్ల దిగి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మానేసింది. హోటల్లో కూడా తోటివాళ్ళు, "ఒంట్లో బాగాలేదా?" అని అడగడం మొదలుపెట్టారు.

మళ్ళీ పరీక్ష రోజొచ్చింది. సొంతవాళ్ళు మాట చేరవేయకూడదట, కూతుర్ని బయట కూర్చోబెట్టారు. లోపల అదే నర్సు, అదే దుబాసి. పిల్లని తూకం మీద నిలబెట్టారు. నర్సు రెండుసార్లు తూచింది. బరువు తగ్గింది. అయిపోయింది, ఇక పిల్లని తీసుకుపోతారు అనుకుంది అమ్మమ్మ.

నర్సు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగింది. "అమ్మమ్మ ఇప్పుడు కూడా నిన్ను అలా తిడుతుందా?" అంది దుబాసి.

చిట్టెలుక తల అడ్డంగా ఊపింది. "తిట్టడం లేదు. నా తాట తియ్యడం లేదు. అమ్మమ్మకి నేనంటే ఇష్టం పోయింది," అని గొల్లుమంది.

ఇక ఆగుతుందా? ఇన్నాళ్ళ ఉరుమూ ఒక్కసారి దిగింది. "ఎవరే నీకు చెప్పింది ఇష్టం పోయిందని? ఓసి నీ దుంప తెగ! తిండి మానేసి నన్ను చంపుదామనుకున్నావటే! రావే ఇలా, నీ తాట తీయకపోతే నా పేరు మార్చుకుంటాను!"

చిట్టెలుక ఏడుపు సగంలో ఆపి, చొక్కా పైకెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. "తియ్యి, తియ్యి!" అంది. అమ్మమ్మ తీసింది. కాగితం పరిచిన మంచం మీద దొర్లుతూ ఆ పిల్ల నవ్విన నవ్వుకి బయట కూర్చున్న కూతురు తలుపు తోసుకుని వచ్చేసింది.

నర్సు దుబాసి వైపు తిరిగి, ఆవిడ ఏమందని అడిగింది. దుబాసి ముఖం ఎర్రబడింది. నసుగుతోంది.

"ఏయ్ అమ్మాయ్! ఉన్నదున్నట్టు చెప్పు. అప్పుడు చెప్పావుగా, ఇప్పుడేమొచ్చింది? తాట అనే చెప్పు. ఒక్క ముక్క తగ్గించావో, నీ తాట కూడా తీస్తాను!" అంది అమ్మమ్మ.

దుబాసి చెప్పింది. నర్సు పిల్లని చూసింది, నవ్వి నవ్వి వచ్చిన ఎక్కిళ్ళు ఇంకా ఆగలేదు. నర్సు మెల్లగా ఏదో అంది.

"పాపని ఎక్కడికీ పంపక్కర్లేదు అంటున్నారండీ."

కూతురు కళ్ళు తుడుచుకుని నర్సుకి రెండు చేతులూ జోడించబోయింది. అమ్మమ్మ ఆ చేతులు పట్టి దించేసింది.

"పంపక్కర్లేదట! ఎవరి పిల్లని ఎవరు పంపేది? వాళ్ళ మాట విని నోరు కట్టుకుంటే నా పిల్ల ఇంత బరువు తగ్గింది. ఆ బరువు ఎవరిస్తారో అడుగు."

ఆ ప్రశ్న దుబాసి ఏమాత్రం నసగకుండా అడిగింది.