లోటు లేని వీరుడు

మా బావ సంగతి ఎత్తితే నా నోరు ఊరుకోదు. మరదల్ని, ఆ మాత్రం హక్కుంది. ఆయన ఏసీ మెకానిక్కు. అదొక్కటీ చాల్లేదు పాపం. ఫ్రిజ్‌ల షాపులో పని నేర్చుకుంటూనే వైరింగ్ పట్టుకున్నాడు. వైరింగ్ చేతికి రాకముందే కుళాయిల పని, అది సగంలో ఉండగా కెమెరాల రిపేరు. ఇంట్లో పనిముట్ల పెట్టెలు గోడ పొడవునా ఉంటాయి, ఒక్కదానికీ మూత సరిగ్గా పడదు. ఎందుకీ తాపత్రయం అంటే "ఎవర్నీ దేబిరించకూడదు" అంటాడు.

ఓసారి పిత్తాశయంలో రాయి తీయాలన్నారు. తనే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లి, ఆపరేషన్ చేయించుకుని, వార్డులోంచి మా అక్కకి ఫోన్ చేశాడు. "నీకెందుకు శ్రమ అని చెప్పలేదు" అన్నాడు. అక్క బస్టాండులో టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. ఆ రోజు కౌంటరు మూసేసి, ఎదురుగా లైను కట్టినవాళ్లు గొణుగుతున్నా కదల్లేదట. ఈయనేమో ఘనకార్యం చేసినట్టు మొహం పెట్టుకుని ఇంటికొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాది కళ్లజోళ్ల షాపు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించి, కళ్లు పరీక్షించే వెనక గదిలో, అక్షరాల బోర్డు కింద బల్ల వేసుకుని వీరుల ఆట ఆడతాం. ఒక్కొక్కరూ ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషిగా మాట్లాడుతూ, పాచికలు వేసుకుంటూ కథలో నడవాలి. కథ చెప్పేది నేను. ఆడేది అక్క, బావ, డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పొడుగాయన.

కల్పించుకున్న మనిషికి ఆరు గుణాలు. బలం, చురుకు, గట్టిదనం, తెలివి, వివేకం, ఆకర్షణ. అందరికీ సమానంగా పాయింట్లు ఇస్తాను, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పంచుకుని కాగితం మీద రాసుకోవాలి. ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గక తప్పదు. పొడుగాయన అంతా బలంలో కుమ్మరించి తెలివి దగ్గర చేతులెత్తేశాడు. అక్క వైద్యురాలిని చేసుకుంది. వివేకం పదిహేడు, చురుకు ఆరు. కుంటి కాలు ముసలమ్మ. "నన్ను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి మరి" అని నవ్వింది. తర్వాత షట్టరు వేస్తుంటే నాతో మెల్లిగా అంది, "ఇంట్లో ఎలాగూ నన్నేదీ అడగరే. ఇక్కడైనా, కాస్త మందు వెయ్యి అని ఒక్కసారి అడుగుతారేమో." పెళ్లయిన ఇన్నేళ్లకి దాని కోరిక ఇదీ.

ఇక మా బావగారి వీరుడు. మూడు గుణాల్లో పదమూడు, మూడింట్లో పన్నెండు. ఎక్కడా లోటుండకూడదట. పదమూడే ఎందుకంటే, కొత్త విద్యలో అడుగు పెట్టాలంటే దానికి కావలసిన గుణం కనీసం పదమూడుండాలి. కత్తిసాముతో మొదలెట్టాడు. లెవెల్ పెరిగితే అందరూ ఉన్న విద్యలోనే పైమెట్టు ఎక్కుతారు. ఈయన దొంగవిద్యలో దూరాడు, ఆ తర్వాత మంత్రాల్లో, ఆ తర్వాత, పక్కన పెళ్లాం వైద్యురాలై కూర్చుని ఉండగా, వైద్యంలో. అన్నిట్లోనూ రెండేసి మెట్లు. ఏటి దగ్గర ముసలమ్మని ఎత్తుకుందామని వంగాడు. బలం పన్నెండాయె, పాచిక పడలేదు. చివరికి పొడుగాయనే ఎత్తుకున్నాడు.

కథ ఆఖరికొచ్చింది. వంతెన మీద యుద్ధం. బావ వీరుడికి చెయ్యి గీరుకుంది. అక్క పాచిక చేతిలో పట్టుకుని, "నేను వేస్తాను మందు" అంది. "నీకెందుకు శ్రమ, నా దగ్గరుంది" అని తనే వేసుకున్నాడు. ఇంకో గీత పడితే ఇంకోటి. రెండు మెట్ల వైద్యానికి ఎన్ని మందులుంటాయి, అడుగంటాయి. సరిగ్గా అప్పుడు ముసలమ్మ కూలిపోయింది. పొడుగాయన వంతెన అవతల ఉన్నాడు. పక్కనున్నది బావే. ఒక్క మందు వేస్తే బతుకుతుంది. కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తాళాలు తీయగలడు, చేతిలో దీపం వెలిగించగలడు. పనికొచ్చేది ఒక్కటీ లేదు. కూలినవాళ్లకి మందు అందకపోతే బతుకో చావో పాచికే తేల్చాలి. అక్క వేసింది. తక్కువ పడింది, ముసలమ్మ పోయింది.

పోయినవాళ్ల కాగితం ఆడినవాళ్లే చింపాలి, అది మా బల్ల పద్ధతి. అక్క నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. ఈ మహానుభావుడు "పోనీలే, ఇంకోటి చేసుకుందువు" అన్నాడు. అక్క ఆయన వంక చూడలేదు. "కొత్తవాళ్లతో మొదలెడదాం" అని నాతో చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారం మధ్యలో బావ షాపుకొచ్చాడు. కళ్లజోడు స్క్రూ వదులైందన్నాడు. స్క్రూ నిక్షేపంలా ఉంది. కాసేపు ఫ్రేములన్నీ కెలికి, "లోటు ఎక్కడ పెట్టుకుంటే బాగుంటుంది?" అన్నాడు. బతుకులో మొదటిసారి ఒకర్ని సాయమడిగాడు, అదీ పెళ్లాన్ని వదిలేసి నన్ను.

"గట్టిదనంలో పెట్టండి," అన్నాను. "దెబ్బ తగలగానే పడిపోతారు. అక్క చూసుకుంటుంది. ఈ మాటేదో దానికి చెప్పచ్చుగా?"

"ముందే చెప్పకూడదుగా. పద్ధతి కదా."

పద్ధతి నిజమే. పాతవాళ్లు ఎక్కిన లెవెల్ నుంచే కొత్త మనిషిని ఎవరింట్లో వాళ్లు కల్పించుకుని, ఆదివారం బల్ల దగ్గరే చదవాలి. కానీ ఒకే గదిలో పడుకునే మొగుడూ పెళ్లాలకి ఆ పద్ధతి వర్తిస్తుందని ఈయనకి ఎవరు చెప్పారు?

ఆదివారం ముందు బావే చదివాడు. బలం పదిహేడు, గట్టిదనం ఆరు. కత్తి తప్ప ఇంకో విద్య ముట్టడట. "దెబ్బ తగిలితే నిలబడలేడు. పక్కన వైద్యం తెలిసినవాళ్లు ఉండాలి" అని అక్క వైపు తిరిగాడు. పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది ఆ మొహం.

అక్క తన కాగితం విప్పింది. "చురుకు పదమూడు. తెలివి పదమూడు. వివేకం పదమూడు. మిగతావి పన్నెండు," అని చదివింది. "కొంచెం కత్తి, కొంచెం దొంగవిద్య. కొంచెం వైద్యం, నా వరకు."

పొడుగాయన పాచికలు ఏరుకుంటున్నట్టు నటించాడు. నవ్వడానికి ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను కదా, నవ్వు రాలేదు. కథ మొదలెట్టాను. మొదటి పోట్లాటలోనే బావ వీరుడు నేలకరిచాడు.

"కాస్త మందు వెయ్యవే," అన్నాడు బావ.

అక్క చాలాసేపు తన కాగితం చూసుకుంది. "ఒక్కటే ఉందండీ," అంది. "నాకు కావాలేమో."

ఆయన వంతు వచ్చింది. బతుకో చావో తేల్చే పాచిక తీసి ఆయన చేతికిచ్చాను.